వెన్నుపాము దెబ్బకు రీహాబ్, ఉప్పల్ వైపు: ఆ వంద మార్కుల షీటు కోసమైనా వెళ్లొచ్చు

మా తమ్ముడిని పెట్టిన రీహాబ్ సెంటర్ గురించి తెలిసినవాళ్లు, వాళ్ల తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరికీ ఒకచోట ఉంటుందని రాస్తున్నా. ఉప్పల్ వైపు ఉంటుంది, పెద్ద పేరున్నది కాదు, కావాలన్నవాళ్లకు పేరు విడిగా చెబుతా. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఫిజియోథెరపీ బాగుంది, నర్సింగ్ పర్వాలేదు, కానీ నేను వీళ్లకు ఎక్కువ మార్కులు వేసేది వాళ్లు కొలిచే పద్ధతికి. మనిషి తనంతట తాను ఏం చేసుకోగలుగుతున్నాడో ఒక్కో పనీ కళ్లారా చూసి, రాసి, ఆ కాగితం ఇంటివాళ్ల చేతిలో పెడతారు. హైదరాబాద్‌లో మేం తిరిగిన మిగతా చోట్ల ఇది దొరకలేదు.

తమ్ముడు ఎలక్ట్రీషియన్. నార్సింగి దగ్గర కట్టే బిల్డింగ్‌లో పరంజా మీద నుంచి పడ్డాడు. డి10 దగ్గర, అంటే వీపు భాగంలో పదో వెన్నుపూస విరిగి వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది, రాడ్లు స్క్రూలు వేశారు. రిపోర్టులో ‘ఏషియా ఏ’ అని ఉంటుంది. దెబ్బ ఎంత తీవ్రమో చెప్పడానికి ఇంగ్లీషు ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకు అక్షరాలుంటాయి, అందులో ‘ఏ’ అంటే మలద్వారం దగ్గర కూడా స్పర్శ గానీ కదలిక గానీ లేదని లెక్క. ఆ అక్షరం నరాల సంగతి చెబుతుంది, సరే. పొద్దున లేచి ప్యాంటు తనే వేసుకుంటాడా, బాత్రూమ్‌కి ఎవరు తీసుకెళ్లాలి, మా అమ్మ పనికి వెళ్లొచ్చా లేదా అనేవి ఆ అక్షరంలో ఉండవు. ఆపరేషన్ చేసిన హాస్పిటల్ వాళ్లు డిశ్చార్జ్ కాగితం చివర ‘బెడ్ బౌండ్’ అని రాసి, యూరిన్ పైపుతో సహా ఇంటికి పంపించేశారు. చేతులు రెండూ ఉక్కులా ఉన్న పిల్లాడిని పట్టుకుని అలా ఎలా రాస్తారో నాకు ఇప్పటికీ కోపమే. ఇక చుట్టాలు, ఇరుగుపొరుగు అందరిదీ ఒకటే ప్రశ్న, నడుస్తాడా? దానికి డాక్టర్లే గట్టిగా జవాబు చెప్పలేకపోతే మేమేం చెబుతాం. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతూ ఉంటే మిగతా వంద పనులు ఎవరికీ కనిపించవు.

ఈ సెంటర్‌లో చేరిన మర్నాడే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ అమ్మాయి, అంటే రోజువారీ పనులు తనే చేసుకోవడం నేర్పే ఆమె, ఒక షీటు పట్టుకుని వచ్చింది. దాన్ని స్కిమ్ అంటారు, స్పైనల్ కార్డ్ ఇండిపెండెన్స్ మెజర్. ఇజ్రాయెల్‌లో రఅనానా అనే ఊళ్లో లోవెన్‌స్టైన్ రీహాబిలిటేషన్ హాస్పిటల్ ఉంది, అక్కడ అమిరామ్ కాట్జ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు కలిసి 1997లో దీన్ని తెచ్చారు. తర్వాత కొన్నిసార్లు సరిదిద్దారు, ఎక్కువగా వాడుతున్నది మూడోది. అంతకుముందు నుంచీ వేరే కొలతలు ఉన్నాయి. 1965 నాటి బార్తెల్ ఇండెక్స్ ఉంది, ఫిమ్ (ఫంక్షనల్ ఇండిపెండెన్స్ మెజర్) అని ఇంకోటి ఉంది. ఫిమ్‌లో 18 అంశాలుంటే అందులో 5 మాట, జ్ఞాపకం, నలుగురితో మెలగడం లాంటివాటి మీద. తలకు దెబ్బ తగిలినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు అవి కావాలి. వెన్నుపాము దెబ్బ ఒక్కటే ఉన్నవాడికి మొదటిరోజే వాటిలో పూర్తి మార్కులు పడతాయి, చివరిరోజూ అవే ఉంటాయి, ఇక మార్పు ఎక్కడ కనిపిస్తుంది? పైగా అందులో ఊపిరి గురించి అడగరు. మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు ఊపిరే పెద్ద సమస్య. స్కిమ్‌ని వెన్నుపాము వాళ్ల కోసమే తయారు చేశారు కాబట్టి ఆ తేడా ఉంది.

మొత్తం 100. తిండి, స్నానం, బట్టలు, పళ్లు తోముకోవడం, గడ్డం గీసుకోవడం లాంటివాటికి 20. ఊపిరి, యూరిన్, మోషన్, టాయిలెట్ వాడకం అన్నీ కలిపి 40. కదలికలకు, అంటే మంచం మీద పక్కకు తిరగడం దగ్గర నుంచి మెట్లెక్కడం దాకా, ఇంకో 40. యూరిన్ ఒక్కదానికే 15 మార్కులు పెట్టారంటే దీన్ని రాసినవాళ్లు ఈ మనుషుల పక్కన ఉండి చూసినవాళ్లే అనిపించింది. నడక గురించి అడిగే చుట్టాల్లో ఒక్కరూ యూరిన్ సంగతి అడగలేదు, కానీ ఇంట్లో రాత్రీపగలూ మా టెన్షన్ అంతా దాని గురించే.

పైపు లోపలే ఉంటే అక్కడ సున్నా. రోజులో నాలుగైదు సార్లు కాథెటర్ (యూరిన్ తీసే సన్నటి గొట్టం) తనే పెట్టుకుని తీసేసుకోవడం నేర్చుకుంటే, మధ్యలో లీక్ అవకుండా పొడిగా ఉంటే, 11. ఈ సున్నాకీ పదకొండుకీ మధ్య తేడా ఏంటో మాకు బాగా తెలుసు. పైపు ఉన్నన్నాళ్లూ జ్వరాలు, ఇన్ఫెక్షన్లు, యాంటీబయాటిక్స్, మంచం పక్కన వేలాడే బ్యాగ్, ఎవరైనా వస్తే దాని మీద టవల్ కప్పడం. అలా తనే పెట్టి తీసుకోవడాన్ని సీఐసీ అంటారు, నర్సు తమ్ముడికి మంచం మీద కూర్చునే, చేతులు కడుక్కోవడం నుంచి మొదలుపెట్టి అది నేర్పింది. మొదట్లో వాడు సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పుడు బయటికెళ్తే చిన్న పౌచ్‌లో జెల్లీ, కాథెటర్, శానిటైజర్ పెట్టుకుని వెళ్తాడు.

ఇక కొలిచే తీరు. అడిగి టిక్కులు పెట్టుకునే రకం కాదు, చేయించి చూస్తారు. మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మారడం చూసిన రోజు నేను అక్కడే ఉన్నా. కుర్చీని మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టాడు, రెండు బ్రేకులూ వేశాడు, అటువైపు చెయ్యి ఆనించే పట్టీ తీసేశాడు, ఫుట్‌రెస్టులు పక్కకు తిప్పాడు, నున్నటి చెక్కపలకని ఒక కొస తొడ కింద, ఇంకో కొస సీటు మీద ఉండేలా పెట్టాడు. తర్వాత రెండు చేతుల మీదా బరువు వేసి ఇంత ఇంతగా జరిగాడు. థెరపిస్ట్ అమ్మాయి దగ్గరగానే నిలబడింది, కానీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. వాడి కాలు ఒకటి ఫుట్‌రెస్ట్‌కి తట్టుకోగానే మా అమ్మ చటుక్కున ముందుకొచ్చి పాదం పట్టుకుంది. ‘అమ్మా, మీరు పట్టుకుంటే వాడు చేసినట్టు కాదమ్మా, మళ్లీ చేయిద్దాం’ అని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. మళ్లీ చేశాడు, కాలు తనే ఎత్తి పెట్టుకున్నాడు. చెక్కపలక వాడాడు కాబట్టి అక్కడ 2కి 1 వేశారు. పలక లేకుండా చేస్తే రెండూ వేస్తామన్నారు. నాకు ఆ ఖచ్చితత్వం నచ్చింది. బాగా చేశాడని బుజ్జగించడానికి ఎక్కువ వేయలేదు, పాపం అని తక్కువా వేయలేదు.

ఇంటివాళ్లను గదిలో ఉంచడం కూడా చాలా మంచి పని. మనం ప్రేమతో చేసే సాయంలో ఎంత అవసరమో ఎంత అలవాటో అక్కడ తేలిపోతుంది. అప్పటిదాకా అమ్మ వాడికి చొక్కా గుండీలు కూడా పెట్టేది.

చేరినప్పుడు మొత్తం 28 వచ్చింది. అందులో 10 ఊపిరివే, డి10 దెబ్బకు ఊపిరికి ఏ ఇబ్బందీ లేదు కాబట్టి. డిశ్చార్జ్ నాటికి 64. బయట బోర్డు మీద ఇలాంటి అంకెలు పెట్టుకుని గొప్పలు చెప్పుకునే సెంటర్లు ఉంటాయేమో గానీ, ఆ 64 ఒక్కటే చూస్తే మాకు పనికొచ్చేదేమీ లేదు. పనికొచ్చింది విడివిడి మార్కులు. మంచం మీద తిరగడం, లేచి కూర్చోవడం, కుర్చీలో చేతుల మీద ఒళ్లు పైకి లేపడం, వీటికి 6కి 6. ఒళ్లు లేపడం అంటే ఏదో కసరత్తు అనుకునేరు, పుండ్లు పడకుండా ఉండాలంటే అదే మందు, కింద స్పర్శ లేదు కాబట్టి ఒత్తిడి తెలియదు, గంటలు గంటలు అలాగే కూర్చుంటే తోలు పోతుంది. నడుము కింద బట్టలు వేసుకోవడంలో 4కి 3 వచ్చింది. లుంగీ, ట్రాక్ ప్యాంటు పడుకుని అటూ ఇటూ దొర్లుతూ తనే వేసుకుంటాడు, జిప్పు, గుండీ ఉన్న జీన్స్ దగ్గర సాయం కావాలి, అదీ ఆ ఒక్క మార్కు. అది చూసి మేం జీన్స్ మానిపించాం, సమస్యే లేదు. నేల మీద నుంచి కుర్చీలోకి ఎక్కడంలో సున్నా. అది చూసి తర్వాతి నెలల్లో ఏం నేర్చుకోవాలో నిర్ణయించుకున్నాం. షీటు చేతిలో లేకపోతే ఇవేవీ తెలిసేవి కావు, ‘బాగా ఇంప్రూవ్ అయ్యాడండీ’ అనే మాట ఒక్కటే మిగిలేది.

ఆటో ముచ్చట చెప్పాలి. షీటులో ఉండేది కారులోకి మారడం. మాకు కారు లేదు, మా వీధిలో చాలామందికి లేదు. థెరపిస్టుకి ఆ మాట చెబితే ఒక ఆటో అన్నను మాట్లాడి గేటు లోపలికి రప్పించి, దానిలోకి ఎక్కడం దిగడం నేర్పించారు. ఆటో సీటు ఎత్తు వేరు, పక్కన పట్టుకోవడానికి ఉండే రాడ్డు వేరు, లోపల కాళ్లు మడిచే జాగా తక్కువ. ఆటో అన్న కూడా ఓపిగ్గా కూర్చున్నాడు, కుర్చీ మడిచి వెనక ఎలా కట్టాలో ఆయనే చూపించాడు. ఇలాంటి బుర్ర ఉన్న మనుషులు దొరకడం అదృష్టం.

ఇప్పుడు అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి. డిశ్చార్జ్ అయ్యాక థెరపిస్ట్ మా ఇంటికి వచ్చి అదే షీటు మళ్లీ నింపింది. దీనికి విడిగా డబ్బు కట్టాలి, కట్టండి. సెంటర్‌లో 64 వచ్చిన మనిషికి మా ఇంట్లో 58 వచ్చింది. తమ్ముడి ఒంట్లో ఏ మార్పూ లేదు, ఇల్లు వేరు అంతే. సెంటర్‌లో బాత్రూమ్ విశాలంగా ఉంటుంది, గోడలకు స్టీలు రాడ్లు, స్నానానికి కుర్చీ, చేతికందే ఎత్తులో నల్లా. మాది పాత ఇల్లు, బాత్రూమ్ తలుపు ఎంత ఇరుకంటే కుర్చీ చక్రాలు చౌకట్టుకి తగిలి ఆగిపోయాయి, లోపల బకెట్టూ మగ్గూ, ఇండియన్ టాయిలెట్, మధ్య గదికి గడప. స్నానంలో పైభాగానికి ఒకటి, కింది భాగానికి ఒకటి పోయాయి, టాయిలెట్ వాడకంలో రెండు, కుర్చీలోంచి టాయిలెట్ మీదికి మారడంలో ఒకటి, గడప వల్ల ఇంట్లో తిరగడంలో ఒకటి. ఆ ఆరు మార్కులూ ఎక్కడ పోయాయో వేలు పెట్టి చూపించగలిగింది కాబట్టి మేస్త్రీకి ఏం చెప్పాలో మాకు తెలిసింది. చౌకట్టు పీకించి వెడల్పు చేశాం, గడపకు రెండువైపులా సిమెంటుతో వాలు చేయించాం, కమోడ్ కట్టించి రాడ్లు బిగించాం, నల్లా కిందికి దింపించాం. గడప తీసేయొద్దని మా నాయనమ్మ పట్టుబట్టింది, అందుకే వాలు. పసుపు కుంకుమ దానికి అలాగే పెడుతున్నాం. పోయిన ఆరూ తిరిగి వచ్చాయి. తర్వాత పలక లేకుండా కుర్చీలోకి మారడం, మా గల్లీలో స్పీడు బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు తప్పించుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తనే వెళ్లి రావడం, ఇవి కలిసి ఇప్పుడు 66.

అసలు ఏ సెంటర్ అయినా డిశ్చార్జ్ రోజు మార్కు ఒక్కటే చూపించి సరిపెడితే అది సగం నిజమే అంటాను. తమ్ముడు బతకాల్సింది వాళ్ల బాత్రూమ్‌లో కాదు కదా.

పక్క బెడ్‌లో యాదాద్రి వైపు నుంచి వచ్చిన గీత కార్మికుడు ఉండేవాడు, తాటి చెట్టు మీద నుంచి పడి మెడ దగ్గర దెబ్బ. తెలంగాణలో ఈ ప్రమాదాలు ఎన్ని జరుగుతాయో మనకు తెలిసిందే, 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో చెట్టెక్కేవాళ్లకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా అందుకే. ఆయన చేతివేళ్లు ముడుచుకోవు. అరచేతికి పట్టీ కట్టి అందులో స్పూన్ దూర్చి తినడం నేర్పారు. తిండి దగ్గర సున్నా నుంచి ఒకటికి వచ్చింది. మొత్తం వందలో ఒక్క మార్కు, చూసేవాళ్లకు ఏమీ అనిపించదు. కానీ అన్నం వేరేవాళ్లు నోట్లో పెట్టడానికీ తనే తినడానికీ ఉన్న తేడా అది, ఆ రోజు ఆయన భార్య వార్డంతా తిరిగి చెప్పింది. ఆయన మాత్రం పప్పన్నం చేత్తో కలుపుకోవాలని అడుగుతూనే ఉండేవాడు, స్పూన్ రుచి వేరంటాడు. ఆ పట్టుదల ఏ గడిలో రాస్తారు?

కొలత మీద నాకున్న అభ్యంతరాలు కూడా చెబుతాను. కుర్చీలో తిరిగేవాళ్లకు ఇది కొంచెం కఠినం. ఇంట్లో తిరగడానికి 8 మార్కులు, కానీ చేత్తో తోసుకునే కుర్చీలో ఎంత బాగా తిరిగినా 2 దాటదు, మిగతావన్నీ నడిచేవాళ్లకే. వంద మీటర్ల లోపు, వంద దాటాక కూడా అదే లెక్క. మా వాడు అన్ని పనులూ తనే చేసుకున్నా నా లెక్క ప్రకారం 75 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి 75 అంటే ఫస్ట్ క్లాస్ దగ్గర ఆగాడని బాధపడకండి, వాడికి అదే వంద. ఇది థెరపిస్టులు మొదటిరోజే ఇంటివాళ్లకు విడమర్చి చెప్పాలి, మాకు అడిగితే గానీ చెప్పలేదు. రెండోది, ఎంతసేపు పడుతుందో ఇందులో లెక్కలేదు. ఐదు నిమిషాల్లో ప్యాంటు వేసుకున్నా, చెమటలు కక్కుతూ ముప్పావుగంట పట్టినా అదే మార్కు. పొద్దున తొమ్మిదికి పనికి వెళ్లాల్సినవాడికి ఆ ముప్పావుగంట చాలా పెద్దది. మూడోది, నేల మీద నుంచి కుర్చీలోకి ఎక్కడానికి ఒకే ఒక్క మార్కు. మన ఇళ్లలో భోజనం, పూజ, పిల్లలతో ఆట, అన్నీ నేల మీదే కదా. నొప్పి, నిద్ర, మనసు కుంగిపోవడం వీటి గురించి ఎలాగూ లేదు, అది ఈ షీటు పని కాదు, కానీ వేరే ఎవరైనా చూడాలి.

ఆ చూసేవాళ్లే ఈ సెంటర్‌లో సరిగా లేరు. కౌన్సెలర్ వారానికి ఒకసారి వచ్చి అందరినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడి వెళ్తుంది, మా వాడు ఆ గుంపులో నోరు విప్పలేదు. ఆదివారాలు థెరపీ ఉండదు, చార్జీ మాత్రం ఉంటుంది. షీటు మొత్తం ఇంగ్లీషులో ఇస్తారు, మా అమ్మలాంటివాళ్లకు అది చదవడం రాదు, తెలుగులో ఒక కాపీ పెట్టండని రాసిచ్చి వచ్చాను. కాథెటర్లు, డైపర్లు, గ్లౌజులు బిల్లులో విడిగా వేస్తారు, బయట మెడికల్ షాపులో తక్కువకే దొరికాయి. మా ఇన్సూరెన్స్ పాలసీలో రీహాబ్ కవర్ కాలేదు, చేరేముందే మీ పాలసీ గురించి కనుక్కోండి.

సదరం అని పిలుచుకునే వైకల్య సర్టిఫికెట్ దీనికి వేరు, కలపకండి. అక్కడ వైకల్యం ఎంత శాతం అని కొలుస్తారు, నలభై శాతం ఉంటే పింఛనుకు అప్లై చేసుకోవచ్చు (2023లో దాన్ని నెలకు 4016 చేశారు), అది తప్పకుండా చేయించుకోండి. ఆ కాగితం పోయింది ఎంతో చెబుతుంది, ఈ షీటు ఉన్నది ఎంతో చెబుతుంది. రెండూ ఫైల్‌లో పెట్టుకోండి. ఇంకో మాట, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో లేచి నడిపిస్తామని వీడియోలు పంపేవాళ్లు మీకూ తగులుతారు. వెన్నుపాము దెబ్బకు అది ట్రయల్స్‌లో తప్ప మామూలు చికిత్సగా ఇవ్వకూడదని దేశంలో వైద్య పరిశోధన చూసే సంస్థ ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఎవరైనా అలా చెబితే, ముందూ తర్వాతా స్కిమ్ ఎంత, ఏ గడిలో మారింది అని అడగండి. మాకు ఫోన్ చేసినాయన ఆ ప్రశ్న తర్వాత మళ్లీ చేయలేదు.

మీరు ఈ సెంటర్‌కి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, చేర్చుకునేముందు ఏ స్కేలు వాడతారు, ఎవరు కొలుస్తారు, ఎన్నాళ్లకోసారి, షీటు కాపీ మాకు ఇస్తారా, ఇంటికి వచ్చి చూస్తారా అని అడగండి. అసెస్‌మెంట్ పొద్దున్నే పెట్టించుకోండి, మోషన్, స్నానం, బట్టలు అన్నీ ఆ టైమ్‌లోనే అవుతాయి కాబట్టి అడిగి రాసుకోకుండా నిజంగా చూసి వేస్తారు. మధ్యాహ్నం పెడితే స్నానం గడి నోటిమాట మీదే నిండుతుంది. రోజూ సాయం చేసే మనిషి ఎవరో వాళ్లను వెంట తీసుకెళ్లండి, మాలాగే అమ్మ అయితే అమ్మను. మెట్రోలో వచ్చేవాళ్లకు ఉప్పల్ స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది, అక్కడి నుంచి ఆటో.